పది యాభై రెండుకి ముహూర్తం

కంప్యూటర్‌కి కొబ్బరికాయ కొట్టడం బెజవాడ గవర్నర్‌పేటలో వింతేమీ కాదు. కొత్త బండి కొన్నా కొడతారు, కొత్త కొట్టు తెరిచినా కొడతారు, పాత కొట్టుకి కొత్త షట్టర్ వేయించినా కొడతారు. దాని మీద ఉషకి కోపం లేదు. కాయ కొట్టుకోండి, హారతిచ్చుకోండి, కీబోర్డు నిండా కుంకుమ జల్లుకోండి, ఎవరొద్దన్నారు? కానీ ఒక రేవులోని పడవలన్నీ సముద్రం మీద ఉండగా, పట్టపగలు, గురువారం పది గంటల యాభై రెండు నిమిషాలకి వాటి వివరాలున్న టేబుళ్లు కదుపుతామంటే మాత్రం ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదా మరి? ఆ పడవల్లో ఒకటి వాళ్ల నాన్నది.

ఉష పనిచేసే ఆఫీసు ఒక లాడ్జికి పైన, రెండో అంతస్తులో ఉంది. లక్ష్మీకాంత్, బసవయ్య అనే ఇద్దరు తోడల్లుళ్లు కలిసి పెట్టిన కంపెనీ. రైసుమిల్లులకీ కోల్డ్ స్టోరేజీలకీ సాఫ్ట్‌వేర్ రాసిస్తారు. వాటితోపాటు బందరు అవతల ఒక రేవులోని పడవల సంఘానికి కూడా ఒక పని చేసిపెట్టారు. ఆ పని తెచ్చిందీ, చేసిందీ, నాలుగేళ్లుగా కనిపెట్టుకుని ఉన్నదీ ఉషే. ఆ రేవు ఆమె పుట్టిన రేవు. నాన్న కొండలయ్య పడవకి చుక్కాని పడతాడు, తమ్ముడు చిట్టిబాబు అదే పడవలో వల లాగుతాడు, అమ్మ మంగాయమ్మ చేపలు బందరు తీసుకెళ్లి అమ్ముతుంది.

పని చూడ్డానికి చిన్నదే. తెల్లవారుజామున పడవ రేవు దాటేటప్పుడు సంఘం గుమాస్తా ఇశ్రాయేలు దాని నంబరూ, ఎక్కిన మనుషుల సంఖ్యా కంప్యూటర్లో ఎక్కిస్తాడు. తిరిగొస్తే వచ్చిందని గుర్తు పెడతాడు. వెళ్లినవి ఒక టేబుల్లో, వచ్చినవి ఇంకో టేబుల్లో ఉంటాయి. రెండింటినీ కలిపి చూసి, వెళ్లి ఇంకా తిరిగిరానివి ఏవో చెప్పే జాబితా ఒకటుంది. దాన్ని వ్యూ అంటారు. దానికంటూ సొంత సరుకేమీ ఉండదు, టేబుళ్లలో ఉన్నదే చూపిస్తుంది. వాతావరణ హెచ్చరిక రాగానే ప్రోగ్రాం ఆ వ్యూని అడిగి, బయటున్న పడవల ఫోన్లకీ, వాళ్ల ఇళ్లలో ఆడవాళ్ల ఫోన్లకీ కాల్ చేస్తుంది.

మొదట్లో ఆ కాల్లో ఎవరో అమ్మాయి రికార్డు గొంతు పెట్టారు. ఒక్కడూ వినలేదు. "లోను కావాలా అని అడిగే పిల్లనుకుని కట్ చేసినామమ్మా" అన్నారు. దాంతో ఉష తన గొంతే రికార్డు చేసింది. "నేను కొండలయ్య కూతురు ఉషని. గాలొస్తోంది. వల తీసి వెనక్కి తిరగండి." అంతే. ఆ తర్వాత ఆమే పడవ పడవకీ తిరిగి, బతిమాలి, పోట్లాడి, ఆ ఫోను నమ్మండర్రా అని నాలుగేళ్లపాటు చెప్పింది. నమ్మారు. ఇప్పుడు రేవులో వాన గురించి మాటొస్తే "ఉష ఏవన్నా చెప్పిందా?" అనే అడుగుతారు.

ఇలా ఉండగా తోడల్లుళ్లకి చెడింది. మరదలి పెళ్లి శుభలేఖలో ఎవరి పేరు ముందు వెయ్యాలన్న దగ్గర మొదలై, కంపెనీ బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర ముగిసింది. నవ్వకండి, పెద్దపెద్ద సంసారాలే ఇంతకన్నా చిన్నవాటికి చీలిపోయాయి. బసవయ్య తన వాటా తీసుకుని వెళ్లిపోయాడు. లక్ష్మీకాంత్ బోర్డు చెరిపించాడు, లెటర్‌హెడ్లు చింపించాడు, టీ కప్పుల మీద అచ్చేసిన పేరు కూడా బ్లేడుతో గీకించాడు. ఇక బసవయ్య అనే మాట ఆఫీసులో లేదనుకుని హాయిగా కూర్చున్నవాడు, ఒకరోజు ఉష వెనక నిలబడి ఆమె స్క్రీన్ చూశాడు. ప్రతి టేబుల్ పేరుకి ముందూ 'బసవ' అని ఉంది.

"ఏంటమ్మా ఇదీ? వీడింకా నా ఆఫీసులో కూర్చునే ఉన్నాడా?"

"అది స్కీమా పేరు సార్. టేబుల్‌కి ఇంటిపేరు లాంటిది. మొదట్లో ఆయనే పెట్టారు."

"అయితే మార్చెయ్. 'లక్ష్మి' అని పెట్టు. అమ్మవారి పేరూ అవుతుంది, నా పేరూ అవుతుంది."

"మార్చొచ్చండీ. కానీ పాత ఇంటిపేరుతో పిలిచేవి చాలా ఉన్నాయి, వ్యూలూ ప్రోగ్రాములూ. అన్నిటినీ వెతికి కొత్త పేరు చెప్పిరావాలి. ఒక్కదాన్ని మర్చిపోయినా అది పాత గుమ్మంలోనే నిలబడి పిలుస్తుంటుంది. ఏప్రిల్ పదిహేను నుంచి వేట నిషేధం. రెండు నెలలు ఒక్క పడవ కదలదు. అప్పుడు చేద్దాం సార్, నింపాదిగా."

"ఏప్రిల్ దాకా వాడి పేరు చూస్తూ కూర్చోమంటావా? కార్తీకం దాటితే మూఢమని సిద్ధాంతిగారన్నారు. గురువారం దుర్ముహూర్తం పోయాక పది యాభై రెండుకి దివ్యంగా ఉందిట."

"పోనీ రాత్రి చేద్దాం సార్, పడవలు ఒడ్డునున్నప్పుడు."

"రాత్రిపూట ఎవరైనా కాయ కొడతారా ఉషా?"

అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. తోడల్లుడి మీద కక్ష తీరాలంటే పోయి తోడల్లుడితో తేల్చుకోవాలి. నోరులేని టేబుళ్లేం చేశాయి?

చెప్పినా వినడని తెలిశాక ఉష మూడు రోజులు కూర్చుని కాగితం మీద పదకొండు మెట్లు రాసింది. మొదటిది, రేవుకి ఫోన్ చేసి ఇశ్రాయేలుకి చెప్పాలి. రెండోది, టేబుళ్లు కదపాలి. మూడోది, వ్యూలు కదిపి వాటి లోపల కొత్త ఇంటిపేరు రాయాలి. అలా పదకొండో మెట్టు దాకా. ఆఖరున, అన్నీ అయ్యాక, దొంగ హెచ్చరిక ఒకటి తనకి తాను పంపుకుని ఫోన్ మోగిందో లేదో చూసుకోవాలి. కార్తీకమంటే వాయుగుండాల రోజులు. ఒక్క మెట్టు తప్పినా కాలు జారేది తనది కాదు, సముద్రం మీదున్నవాళ్లది.

గురువారం పొద్దున పది గంటలకి లక్ష్మీకాంత్ పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. ఇద్దరు రైసుమిల్లు యజమానుల్ని అతిథులుగా పిలిచాడు. ఉష చేతిలో కాగితం చూసి, "అది పవన్‌కివ్వు" అన్నాడు. పవన్‌కుమార్ ఆయన మేనల్లుడు, అక్కడ ప్రాజెక్ట్ మేనేజరు. పదేళ్లుగా మేనేజరుగా ఉన్నాడు గానీ టేబుల్‌కీ వ్యూకీ తేడా అడిగితే నీళ్లు నములుతాడు.

"మీట వాడు నొక్కుతాడు. వాడి హస్తవాసి మంచిది. నువ్వు బెంజ్ సర్కిల్‌కి వెళ్లి స్వీట్లు పట్టుకురా. ఆర్డరిచ్చి ఉంచాం. ఆడపిల్ల చేత్తో వస్తే శుభం."

"సార్, పని చెయ్యాల్సింది నేనండీ. స్వీట్లు ఎవరైనా తెస్తారు."

"ప్రతిదానికీ ఎదురేనా? కాగితం రాశావుగా, చదివి చేస్తాడు. చదువురానివాడా?"

అతిథులు నవ్వారు. ఉష పళ్లు బిగబట్టి మెట్లు దిగింది. వెళ్లకూడదు. వెళ్లననాలి, అక్కడే బైఠాయించాలి. ఆ మాట ఆమె తర్వాత వందసార్లు అనుకుంది. కానీ అప్పుడు మాత్రం, పదకొండు మెట్లూ తెలుగులో రాశాను కదా, అఆలు వచ్చినవాడెవడైనా చెయ్యగలడు కదా అనుకుంది. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్ సంగతి తెలిసిందే. నాలుగు కేజీల మోతీచూర్ లడ్డూ ఒళ్లో పెట్టుకుని ఆటోలో తిరిగొచ్చేసరికి పన్నెండు కావస్తోంది.

గది నిండా కర్పూరం వాసన. స్క్రీన్ మీద అంతా ఆకుపచ్చగా ఉంది.

"అయిపోయిందా? వ్యూలు మార్చారా పవన్‌గారూ?"

"అన్నీ అయ్యాయి. చూడు, ఒక్క ఎర్రక్షరం ఉందేమో" అన్నాడు పవన్‌కుమార్ లడ్డూ అందుకుంటూ.

"ఆ ఆఖరి మెట్టు? ఫోన్ మోగించి చూశారా?"

"తిను ముందు" అన్నాడు లక్ష్మీకాంత్. "శుభమా అని చేసుకుంటుంటే దొంగ హెచ్చరికలేంటి, అపశకునం."

నవ్వుతూ ఒక లడ్డూ ఆమె చేతిలో పెట్టాడు. అది ఆమె తిన్నది. తర్వాత రైసుమిల్లులవాళ్లు తమ సందేహాలన్నీ ఆమె ముందే కుమ్మరించారు. వాళ్లని సాగనంపి, అన్నం డబ్బా తెరిచేసరికి రెండుంపావు అయింది. అప్పుడు ఫోన్ మోగింది.

అమ్మ. "ఏమే, ఈడ తూరుప్పక్క నల్లగా కమ్ముకొస్తాంది. నీ గొంతు రాలేదేందే? బుల్లెమ్మ పిన్ని ఫోనుకీ రాలా, నా ఫోనుకీ రాలా. గాలి లేదనేనా?"

ఉష డబ్బా పక్కకి తోసేసింది. హెచ్చరిక ప్రోగ్రాం తెరిచి చూసింది. ఒంటిగంట నలభైకి హెచ్చరిక వచ్చింది. మూడున్నర లోపల తీరం వెంబడి బలమైన ఈదురుగాలులు, వేటకెళ్లినవాళ్లు వెంటనే తిరిగిరావాలి. దాని కింద ప్రోగ్రాం రాసుకున్న మాట ఒకటుంది. సముద్రంలో ఉన్న పడవలు: సున్నా. కాల్స్: సున్నా. పని పూర్తయింది. చక్కగా, ఆకుపచ్చగా.

సున్నా ఏంటి? నాన్న తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లాడు.

ఇశ్రాయేలుకి ఫోన్ చేసింది. "పద్నాలుగు పడవలమ్మా. డెబ్భై ఎనిమిది మంది. నా చేత్తో ఎక్కించినా. ఒక్కటీ తిరిగిరాలా" అన్నాడతను. "వైర్‌లెస్‌లో పిలవమంటావా?"

"పిలువన్నా, ఇప్పుడే పిలువు. పెద్ద పడవలకే అందుద్ది, అయినా పిలువు."

వ్యూ తెరిచింది. అది కదల్లేదు. పాత ఇంటిపేరుతోనే ఉంది, పాత ఇంటిపేరు టేబుళ్లనే అడుగుతోంది. ఆ టేబుళ్లు ఇప్పుడు లేవు కదా, మరి ఎర్రక్షరాలు రావాలి కదా, సున్నా ఎందుకొస్తోంది? కిందికి చూసింది. పాత ఇంటిపేరు కింద టేబుళ్లున్నాయి. అవే పేర్లు, అవే గళ్లు. ఒక్కదాంట్లోనూ ఒక్క వరస లేదు. పుట్టిన సమయం, పొద్దున పదకొండూ మూడు.

ఉష కుర్చీలోంచి లేచింది.

"పవన్‌గారూ, ఈ ఖాళీ టేబుళ్లు ఎవరు పెట్టారు?"

పవన్‌కుమార్ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. జరిగింది ఇంతే. పది యాభై రెండుకి టేబుళ్లు కదిపాడు. హారతి వెలిగించారు. ఆ హారతి వెలుగులో స్క్రీన్ నిండా ఎర్రక్షరాలు పడ్డాయి, వ్యూలకి టేబుళ్లు దొరక్క. అతిథులు చూస్తున్నారు. ముహూర్తంలో ఎర్రక్షరాలేంటిరా అని మామ కళ్లెర్రజేశాడు. ఇంటర్నెట్లో వెతికితే, ఆ పేర్లతో ఖాళీ టేబుళ్లు పెడితే ఎర్రర్ పోతుందని ఎవడో రాశాడు. పెట్టాడు. పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"రెండో మెట్టు దగ్గరే ఆగిపోయారా? ఇంకా తొమ్మిదున్నాయిగా కాగితంలో! ఎర్రర్ వచ్చిందంటే అదేదో అరుస్తోందని కదయ్యా! అరిచేవాడి నోట్లో గుడ్డలు కుక్కి, నొప్పి తగ్గిందంటావా?"

కేకకి లక్ష్మీకాంత్ తన గదిలోంచి వచ్చాడు. "ఏంటీ గోల? కింద లాడ్జిలోవాళ్లు వింటారు."

"వినమనండి. పద్నాలుగు పడవలకి హెచ్చరిక వెళ్లలేదు సార్. వచ్చి ముప్పావుగంట కావస్తోంది. ఇప్పుడు వ్యూ మారుస్తున్నా."

లక్ష్మీకాంత్ గడియారం వంక చూశాడు. అందులో రెండూ ఇరవై మూడయింది. "మారుద్దాం, మారుద్దాం, ఎవరొద్దన్నారు? కానీ మూడు దాటనీ. ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. ఇప్పుడు కెలికితే పొద్దున చేసిన శుభమంతా పోతుంది. ఎంతసేపు, అరగంట."

ఉష నోటివెంట వచ్చిన గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"అరగంటా? సముద్రం మీద అరగంటంటే ఎంతో తెలుసా అండీ మీకు? రాహుకాలం మీకేనా, మా నాన్నకి లేదా? ఆయన అందులోనే ఉన్నాడు, నడిసముద్రంలో!"

"మాటలు జాగ్రత్త."

"ఇన్నాళ్లూ జాగ్రత్తగానే ఉన్నానండీ. స్వీట్లు తెమ్మంటే తెచ్చాను. చాలు."

కూర్చుని వ్యూ మార్చబోయింది. 'మీకు అనుమతి లేదు' అంది కంప్యూటర్. ఔను, ఉండదు. టేబుల్ కదిలితే దాని మీద ఎవరెవరికి ఏ హక్కులిచ్చారో అవన్నీ రాలిపోతాయి, మళ్లీ ఇవ్వాలి. అది ఎనిమిదో మెట్టు. ఇప్పుడు ఆ టేబుళ్లు ముట్టుకోగలిగినవాడు ఈ గదిలో ఒక్కడే.

"పవన్‌గారూ, మీ పాస్‌వర్డ్ కొట్టండి."

పవన్‌కుమార్ మామ మొహంలోకి చూశాడు. మామ గడియారంలోకి చూశాడు.

"ఆయన మొహంలో ఏం రాసుంది? ఇటు చూడండి! డెబ్భై ఎనిమిది మంది. వాళ్లలో ఎవరికేమైనా, పదకొండూ మూడుకి ఖాళీ టేబుళ్లు పెట్టింది ఎవరో ఇందులో రాసుంది. మీ పేరుతో రాసుంది. తెలుసా?"

తెలియదు. ఆ సంగతి వినగానే పవన్‌కుమార్ హస్తవాసి ఒక్కసారిగా లేచొచ్చింది. గబగబా పాస్‌వర్డ్ కొట్టాడు. ఉష అతన్ని కుర్చీతో సహా పక్కకి నెట్టి, ఖాళీ టేబుళ్లు తీసిపారేసింది. వ్యూని 'లక్ష్మి' కిందికి మార్చి, దాని లోపల కొత్త పేర్లు రాసింది. ప్రోగ్రాంకి కొత్త వ్యూ చూపించి, పోయిన హక్కులిచ్చింది. తప్పులు పడుతున్నాయి, తిట్టుకుంటూ దిద్దుకుంటోంది. రెండూ ముప్పై ఆరుకి స్క్రీన్ మీద అంకె మారింది. సముద్రంలో ఉన్న పడవలు: పద్నాలుగు.

కాల్స్ వెళ్లాయి. ఒకరొకరే ఎత్తుతున్నారు. మూడు. ఏడు. పదకొండు. పదమూడు.

పద్నాలుగోది ఎత్తలేదు. మళ్లీ చేసింది. మళ్లీ చేసింది. ఫోన్ అందుబాటులో లేదు. ఆ నంబరు ఆమెకి చూడకుండానే తెలుసు.

బ్యాగు తీసుకుని లేచింది. "సెలవు చెప్పి వెళ్లాలని తెలియదా?" అని లక్ష్మీకాంత్ వెనకనుంచి ఏదో అన్నాడు. ఆమె తిరిగి చూడలేదు.

బందరు బస్సు కంకిపాడు దాటేసరికి ఆకాశం మసిగుడ్డలా అయింది. ఉయ్యూరు దగ్గర గాలి మొదలైంది, పామర్రు దగ్గర వాన. కండక్టరు కిటికీలు దించుకోమని అరుస్తున్నాడు. ఉష ఇశ్రాయేలుకి ఫోన్ చేస్తూనే ఉంది. ఆరు వచ్చినయ్యమ్మా అన్నాడు. తర్వాత పది. తర్వాత పదమూడు. తర్వాత అతనే ఫోన్ ఎత్తడం తగ్గించాడు. ఎత్తితే ఏం చెప్పాలి? ఆమె ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చుని, కనిపించిన ప్రతి కొబ్బరిచెట్టు ఏ పక్కకి వంగుతోందో చూస్తూ, లక్ష్మీకాంత్‌ని, పవన్‌కుమార్‌ని, సిద్ధాంతిని, తను తిన్న లడ్డూని తిట్టింది. ఎక్కువగా లడ్డూనే తిట్టింది. అది తినే బదులు పదకొండో మెట్టు చేసుంటే రెండు నిమిషాలు పట్టేది.

రేవు చేరేసరికి ఐదుంపావు. వాన సన్నబడింది గానీ గాలి ఇసుకని లేపి మొహాన కొడుతోంది. సంఘం షెడ్డు కింద ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. నాన్న పడవలో ఆరుగురు. వాళ్లలో బుల్లెమ్మ కొడుకొకడు. ఉషని చూడగానే ఆమె ముందుకొచ్చింది.

"ఏమే, ఎప్పుడూ ముందే వచ్చే నీ గొంతు ఇయ్యాళ మబ్బు కమ్మినాక వచ్చిందేందే? మాలాటోళ్లం గుర్తుకు రాలేదా? బెజవాడలో ఏసీలో కూచుంటే ఎట్టా గుర్తొస్తాంలే!"

"పిన్నీ, అదీ..."

"నా కొడుకు రాకపోతే అప్పుడు చెప్పు అదీ ఇదీ."

మంగాయమ్మ అడ్డం రాలేదు. ఉష తల దించుకుని నిలబడింది. తిట్టినవాళ్ల మీద కోపం రాకపోవడం ఆ రోజుకి అదే మొదటిసారి.

ఇంకో పావుగంటకి ఇశ్రాయేలు వైర్‌లెస్ దగ్గరనుంచి పరుగెత్తుకొచ్చాడు. పక్క రేవు పెద్ద పడవొకటి వాళ్లని చూసింది. ఇంజిను ఆగిపోయి కొట్టుకుపోతుంటే తాడేసి లాక్కొస్తోంది. ఎంతమంది అని ఎవరూ అడగలేదు.

మసకచీకట్లో పడవ ఒడ్డుకి తగిలింది. ఒకడు దిగాడు. బుల్లెమ్మ కొడుకు. రెండు, మూడు, నాలుగు. చిట్టిబాబు దిగాడు, ఎడమచెయ్యి తువ్వాలుతో మెడకి కట్టుకుని. వల కోసేసేటప్పుడు తాడు పట్టుకుని చెయ్యి మెలిపడిందట. ఆఖరున ఇద్దరు పట్టుకుంటే కొండలయ్య దిగాడు. ఆరుగురూ ఉన్నారు. మంగాయమ్మ ఇసుకలో కూలబడి పెద్దగా ఏడ్చింది.

చిట్టిబాబు మాత్రం ఏడవలేదు. అక్క దగ్గరికొచ్చి మొహం మీదే అరిచాడు.

"రెండింటికే చెప్పినానక్కా! మబ్బు ఎట్టా ఉందో చూడు నాన్నా, పోదాం పద అని. వింటేగా! 'ఉష చెప్పలా, గాలుండదు, ఇంకో వల ఏద్దాం' అని ఇంకా లోపలికి పోనిచ్చాడు. సిగ్నలు కూడా లేని కాడికి. నువ్వు చెప్పలేదని, నువ్వు!"

అంతలో ఉష చేతిలో ఫోన్ మోగింది. లక్ష్మీకాంత్.

"అందరూ క్షేమమే కదమ్మా? ఇశ్రాయేలు చెప్పాడు. నేనన్లేదూ, ముహూర్త బలం! ఇదిగో, సంఘంవాళ్లు రాతపూర్వకంగా అడుగుతారేమో. ఒక కాగితం రాసి పంపు. పొద్దున గుమాస్తా పడవలు సరిగ్గా ఎక్కించలేదని, అందుకే సున్నా చూపించిందని. వాడు కాదంటాడా? సంగతంతా వాడికేం తెలుస్తుంది?"

ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, తిరిగి తిరిగి ఇశ్రాయేలు మీద పడింది. అతను అక్కడే, పదడుగుల దూరంలో, తడిసిన చొక్కాతో, పడవ వచ్చిందని గుర్తు పెడుతున్నాడు.

"రాస్తానండీ" అంది ఉష. "పది యాభై రెండుకి మీరేం చేశారో, పదకొండూ మూడుకి మీ మేనల్లుడు ఏం చేశాడో, మూడు దాకా ఆగమని మీరు ఏ మొహంతో అన్నారో, అన్నీ రాస్తాను. సంఘానికే ఇస్తాను. షెడ్డు గోడకి అంటిస్తాను. ఇక రేపట్నుంచి మీ ఆఫీసు గడప తొక్కితే నా పేరు ఉష కాదు."

ఫోన్ పెట్టేసింది. రాజీనామా అప్పటికప్పుడే ఫోన్లో రెండు ముక్కల్లో రాసింది. పంపబోతూ, ముందు నాన్న దగ్గరికెళ్లింది. కొండలయ్య షెడ్డు గోడకి ఆనుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. వేడి టీ చేతిలో ఉంది గానీ తాగడం లేదు.

ఆమె పక్కన కూర్చుంది. కోపం, ఏడుపు, రెండూ ఒకేసారి వచ్చాయి.

"నాన్నా, నాలుగేళ్లు నేనే నీ వెంటపడి చెప్పాను, ఫోను నమ్ము, ఫోను నమ్ము అని. నాది బుద్ధి తక్కువ. ఇక నా గొంతు కోసం చూడకు. వచ్చినా రాకపోయినా సరే. మబ్బు చూడు. నలభయ్యేళ్లు మబ్బు చూసే బతికావుగా, అదే చూడు."

కొండలయ్య దగ్గర్లో ఎవరి మాటైనా వినపడుతోందేమోనని చెవి ఒగ్గాడు. మిగతా ఐదుగురూ దూరంగా పొయ్యి దగ్గరున్నారు. గొంతు బాగా తగ్గించాడు.

"మబ్బు కనపడాలి కదమ్మా."

ఉషకి అర్థం కాలేదు.

"దూరం ఆనటం లేదు. రెండేళ్లయింది. ఎదురుగా ఉన్న మనిషి తెలుస్తాడు, అంతే. మీ అమ్మక్కూడా చెప్పలా. చెబితే సుక్కాని చేతికిస్తారా? చెవులు బానే ఉన్నాయిగా, నీ గొంతు వినపడుద్దిగా, చాల్లే అనుకున్నా. ఇయ్యాళ చిట్టిగాడు మబ్బు మబ్బని అరిస్తే, ఎటు చూసినా నాకంతా ఒకటే తెలుపు. నువ్వు చెప్పలేదుగా, ఉండదులే అనుకున్నా."

ఆమెకి నాన్న మీద కూడా కోపమొచ్చింది. ఐదుగురు మగవాళ్లని వెంటేసుకుని, కళ్లు లేకుండా, ఒక రికార్డు గొంతు పట్టుకుని రెండేళ్లు సముద్రం మీద తిరిగాడా ఈ మనిషి? అరవాలనుకుంది. అరవలేకపోయింది. ఆ గొంతు తనదే.

"రేపు పడవెక్కవు నువ్వు. అమ్మతో కళ్ల డాక్టరు దగ్గరికెళ్తావు. ఆ ఐదుగురికీ నువ్వే చెబుతావు. చెప్పకపోతే నేను చెబుతాను" అంది.

కొండలయ్య తలూపాడు. "ఎల్తాలే. కానీ అమ్మాయ్, ఈ రేవులో కళ్లు ఆననోడిని నేనొక్కడినే అనుకుంటన్నావా?"

షెడ్డు కింద చేరిన మిగతా పడవలవాళ్లకేసి చూసింది ఉష. చుక్కాని పట్టేవాళ్లు నాన్నతో కలిపి పద్నాలుగు మంది. అందరికీ యాభై దాటింది. ఒక్కరి కళ్లకీ అద్దాల్లేవు. ఫోన్లోని రాజీనామా వంక కాసేపు చూసి తుడిచేసింది. కోపం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

"ఒరే చిట్టీ, బెజవాడకి మొదటి బస్సు ఎన్నింటికి?"

"నాలుగున్నరకి. మానేస్తానన్నావుగా ఇందాక?"

"ఎట్టా మానతాన్రా? మిమ్మల్నందర్నీ వాళ్ల చేతుల్లో పెట్టి ఎట్టా మానతాను?" అంది ఉష.